ఇంకా పదమూడు గేములున్నాయి

ఓడితే ‘మెంటల్‌గా వీక్’. గెలిస్తే ‘ఉక్కు నరాలు’. చెన్నై కుర్రాడు గుకేశ్ విషయంలో ఈ రెండు మాటలూ ఏడాది తిరక్కుండానే విన్నాం. ఇంతకీ గుండె దిటవు మనిషి లోపల ఉంటుందా, చుట్టూ ఉంటుందా?

2022 ఆగస్టు 8, మామల్లపురం. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీది హోటల్లో చెస్ ఒలింపియాడ్ పదో రౌండు ముగింపుకొచ్చింది. బోర్డులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఇండియా-బి జట్టు మొదటి బోర్డు దగ్గర పదహారేళ్ళ దొమ్మరాజు గుకేశ్. ఎదురుగా ఉజ్బెకిస్థాన్ కుర్రాడు నోదిర్‌బెక్ అబ్దుసత్తరోవ్. అప్పటికి గుకేశ్ ఎనిమిది గేములు వరసపెట్టి గెలిచాడు, తొమ్మిదోది డ్రా చేశాడు. ఊళ్ళో ఎక్కడ విన్నా అతని పేరే. ఈ గేమ్ కూడా అతని వైపే మొగ్గింది. గడియారంలో సెకన్లు అయిపోతున్నప్పుడు ఒక్క తప్పుడు ఎత్తు వేశాడు. గేమ్ పోయింది. దాంతోపాటే జట్టు బంగారు పతకం ఆశ కూడా చాలావరకు పోయింది. గుకేశ్ లేవలేదు. మొహం చేతుల్లో దాచుకుని అదే కుర్చీలో ఉండిపోయాడు.

మర్నాడు ఆఖరి రౌండు. జర్మనీ ఆటగాడు విన్సెంట్ కీమర్‌తో కూర్చుని డ్రా చేశాడు. జట్టు 3-1తో గెలిచి కంచు పతకం అందుకుంది. మొదటి బోర్డు వ్యక్తిగత స్వర్ణం గుకేశ్‌కే దక్కింది.

రెండేళ్ళ నాలుగు నెలలు గడిచాయి. 2024 డిసెంబరు 12, సింగపూర్‌లోని సెంటోసా. ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో గేమ్, స్కోరు చెరి 6.5. చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తుగా రూక్‌ని ఎఫ్2 గడిలోకి జరిపాడు. అది తప్పని గుకేశ్‌కి వెంటనే తట్టలేదు. తట్టాక కళ్ళు పెద్దవయ్యాయి. మరో మూడు ఎత్తులకు డింగ్ చెయ్యి చాచాడు. ఆ తర్వాతిది ప్రపంచమంతా చూసింది. కన్నీళ్ళు కారిపోతుంటే ఆ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పావులన్నిటినీ మళ్ళీ వాటి గళ్ళలో సర్దుతున్నాడు. అన్నీ సర్దాక బోర్డుకు చేతులు జోడించాడు. హాలు బయట అటూ ఇటూ తిరుగుతున్న తండ్రిని వాటేసుకుని మళ్ళీ ఏడ్చాడు.

ఓడినప్పుడు కుంగిపోయాడు, గెలిచినప్పుడు ఏడ్చాడు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు గట్టిదనం అని దేన్ని అంటారో దాని ప్రకారం ఈ పిల్లవాడు రెండుసార్లూ ఫెయిలే.

ఆ గెలుపు రాత్రి ‘మా తెలుగబ్బాయి’ అని చంద్రబాబు నాయుడు, ‘తమిళనాడు గర్విస్తోంది’ అని స్టాలిన్ పోటీపడి అభినందించారు. ఎవరి వాడన్న దాని మీద సోషల్ మీడియాలో రెండు రాష్ట్రాల వాళ్ళూ సరదాగా కొట్టుకున్నారు కూడా. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 2025 సెప్టెంబరులో సమర్‌కండ్ గ్రాండ్ స్విస్‌లో గుకేశ్ వరసగా మూడు గేములు ఓడిపోయాడు. నవంబరులో గోవా ప్రపంచ కప్‌లో మూడో రౌండులోనే ఇంటిదారి పట్టాడు. అప్పుడు ఎవరివాడన్న తగువు రాలేదు. ‘ఒత్తిడి తట్టుకోలేకపోతున్నాడు’, ‘మెంటల్ టఫ్‌నెస్ పోయింది’ అనే తీర్పులు మాత్రం వచ్చాయి. టీ బంకుల్లోనూ టీవీ చర్చల్లోనూ ఈ మాట వాడినంత తేలిగ్గా ఇంకే మాటా వాడం. ఆటగాడికీ, ఇంటర్ తప్పిన పిల్లకీ, వరదలో ఇల్లు మునిగినవాడికీ ఒకటే మందు రాసిస్తాం: గుండె గట్టి చేసుకో.

రాయి కావాలా, మనిషి కావాలా

సింగపూర్‌లో గుకేశ్ వెనక ఉన్న బృందంలో ప్యాడీ ఆప్టన్ ఒకరు. దక్షిణాఫ్రికా మనిషి. 2008 నుంచి 2011 దాకా గ్యారీ కిర్‌స్టెన్‌తో కలిసి భారత క్రికెట్ జట్టుకు మెంటల్ కండిషనింగ్ కోచ్‌గా పనిచేశారు. 2011 ప్రపంచ కప్ గెలిచిన జట్టు అది. 2024లో పారిస్‌లో కంచు గెలిచిన హాకీ జట్టుతోనూ ఉన్నారు. ఆ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డు పడ్డాక, నలభై నిమిషాలకు పైగా పదిమందితోనే బ్రిటన్‌ను నిలవరించి షూటౌట్‌లో గెలిచిన జట్టది.

ఇలాంటి మనిషి మానసిక దృఢత్వానికి గురువై ఉంటాడని అనుకుంటాం. ఆయనకేమో ఆ మాట మీదే పెద్దగా గురి లేదు. 2019లో రాసిన ‘ది బేర్‌ఫుట్ కోచ్’ పుస్తకంలో గౌతమ్ గంభీర్ గురించి ఆయన రాసింది అప్పట్లో దుమారం లేపింది. మామూలుగా మానసిక దృఢత్వం అని జనం దేన్ని అనుకుంటారో ఆ కొలత పెడితే, తను పనిచేసినవాళ్ళలో గంభీర్ బాగా బలహీనుడు, అభద్రత ఎక్కువున్నవాడు అని రాశారు. అదే చోట, అతను అత్యుత్తమ టెస్టు బ్యాటర్లలో ఒకడని, పట్టుదలలో ఎవరికీ తీసిపోడని కూడా రాశారు. పత్రికలు మొదటి సగాన్నే పట్టుకున్నాయి. గంభీర్ మాత్రం నొచ్చుకోలేదు. తనూ జట్టూ ప్రపంచంలో మొదటి స్థానంలో ఉండాలన్న తపనే ఆ అభద్రతకు కారణమని, ఇందులో తప్పు పట్టాల్సింది లేదని అన్నాడు.

ఆ ‘బలహీనుడు’ 2009లో నేపియర్ టెస్టులో జట్టును ఓటమి నుంచి కాపాడటానికి 643 నిమిషాలు క్రీజులో నిలబడి 137 పరుగులు చేశాడు. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో సెహ్వాగ్, సచిన్ తొందరగా వెనుదిరిగాక 97 పరుగులతో ప్రపంచ కప్‌కు పునాది వేశాడు. కాబట్టి తప్పు గంభీర్‌లో వెతికే బదులు కొలతలో వెతకడం మేలు. బెరుకు, నిద్రలేమి, తనమీద తనకు అనుమానం ఉంటే మనసు గట్టిది కాదని ఎవరు తేల్చారు? ఆ మూడింటినీ వెంటేసుకునే చాలామంది పెద్ద పనులు చేశారు.

విరాట్ కోహ్లీ దీన్ని బయటికే చెప్పాడు. 2022లో పరుగులు రాక, నెలరోజులు బ్యాట్ పట్టుకోకుండా ఉన్నాక, కసి లేకపోయినా ఉన్నట్టు కొన్నాళ్ళుగా నటిస్తున్నానని తనకే అర్థమైందన్నాడు. ఆ విరామం తర్వాత ఆసియా కప్‌లో అఫ్గానిస్థాన్ మీద 122 నాటౌట్ కొట్టాడు. దానికి ముందటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాల్లో ఉండగా శరీరం ఎటు తిరుగుతోందో తెలియని స్థితి వచ్చి, జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది. తిట్టినవాళ్ళు తిట్టారు. పారిస్‌లో మూడు స్వర్ణాలతో తిరిగొచ్చింది. తిరిగి రాకపోయినా ఆ రోజు తప్పుకోవడం సరైన పనే అయ్యేది. ఈ ముక్క మనవాళ్ళకు ఒక పట్టాన మింగుడుపడదు.

లిఫ్టులో చెప్పిన లెక్క

సింగపూర్ మ్యాచ్ గుకేశ్‌కి ఓటమితోనే మొదలైంది. నవంబరు 25న మొదటి గేములో, అదీ తెల్లపావులతో, ఓడిపోయాడు. ఆ తర్వాత లిఫ్టులో విశ్వనాథన్ ఆనంద్ తగిలారని, ఒక మాట చెప్పారని టైటిల్ గెలిచాక గుకేశే చెప్పాడు. ‘అప్పట్లో నాకు పదకొండు గేములే మిగిలాయి, నీకింకా పదమూడున్నాయి’ అన్నది ఆ మాట సారాంశం.

ఆనంద్ గుర్తు చేసుకున్నది 2010 సోఫియా. ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకు యూరప్ విమానాలన్నీ ఆగిపోతే, ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రోడ్డు దారిన బల్గేరియా చేరారు. సొంతగడ్డ మీద ఆడుతున్న తొపలోవ్ చేతిలో మొదటి గేమ్ ఓడారు. పన్నెండు గేముల మ్యాచ్‌లో ఆఖరి గేమ్ నల్లపావులతో గెలిచి, 6.5-5.5తో టైటిల్ నిలుపుకున్నారు.

ఆ మాట మళ్ళీ ఒకసారి చూడండి. నువ్వు సింహానివి అనలేదు. ఏడవకు అనలేదు. భయపడకు అని కూడా అనలేదు. లెక్క చెప్పారు. మిగిలినవి ఎన్నో గుర్తుచేశారు. అంతకన్నా ఎక్కువ, ఇదే మెట్టు మీద తనూ కాలు జారానని చెప్పారు. అయిదుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మనిషి, తన ఓటమిని ఒక కుర్రాడికి అప్పు ఇచ్చారు.

ఆనంద్‌కి చెప్పే హక్కూ ఉంది. 2013 నవంబరులో ఇదే చెన్నైలో, అన్నాసాలై మీది హయత్ రీజెన్సీలో, మాగ్నస్ కార్ల్‌సన్ చేతిలో 6.5-3.5తో ఓడిపోయి కిరీటం పోగొట్టుకున్నారు. సొంత ఊరు, సొంత జనం, ఒక్క గేమ్ కూడా గెలవలేదు. ఆటగాళ్ళు కూర్చున్న గాజు గది వైపు ప్రేక్షకుల్లోంచి చూసిన ఏడేళ్ళ పిల్లల్లో గుకేశ్ ఒకడు. తర్వాత, చాంపియన్‌కు ప్రత్యర్థిని తేల్చే క్యాండిడేట్స్ ఆడాలా వద్దా అని ఆనంద్ చాలా తటపటాయించారు. చిరకాల ప్రత్యర్థి క్రామ్నిక్ లాంటివాళ్ళు నచ్చజెప్పారు. 2014 మార్చిలో ఖాంటీ-మాన్సీస్క్‌లో ఒక్క గేమ్ కూడా ఓడకుండా, ఇంకో రౌండు మిగిలుండగానే ఆ టోర్నీ గెలిచేశారు. వెళ్ళనా వద్దా అని ఊగిసలాడిన మనసే అది.

గుకేశ్ మ్యాచ్‌లోనూ అంతా ఎగుడుదిగుడే. మూడో గేమ్ గెలిచి సమం చేశాడు. పదకొండోది గెలిచి ఆధిక్యంలోకి వచ్చాడు. డిసెంబరు 9న పన్నెండో గేములో డింగ్ అతన్ని చిత్తుగా ఓడించాడు. మర్నాడు విశ్రాంతి రోజు. దీనికి ముందు, ఏప్రిల్‌లో టొరంటో క్యాండిడేట్స్‌లో అలీరెజా ఫిరోజా చేతిలో ఏడో రౌండు ఓడినప్పుడూ మర్నాడు ఆట లేదు. ఆ ఓటమే తనకు కొత్త ఊపునిచ్చిందని గుకేశ్ తర్వాత చెప్పాడు. రెండుచోట్లా ఓటమి పక్కనే ఒక ఖాళీ రోజు పడింది. అది అదృష్టమో, కార్యక్రమం వేసినవాళ్ళ పుణ్యమో. పెద్ద పోటీ వచ్చింది కదా అని కొత్తగా ఏదో అద్భుతం చేయబోవడమే ఆటగాళ్ళు చేసే పెద్ద పొరపాటని ఆప్టన్ అంటుంటారు. గుకేశ్‌తో ఆయన మాట్లాడిన వాటిలో నిద్ర, ఖాళీ సమయం ఎలా గడపాలన్నవి ముఖ్యమైనవి. వినడానికి చప్పగా ఉంటుంది. మన అమ్మలు రోజూ చెప్పేవే: వేళకి తిను, వేళకి పడుకో.

ఈ ఖాతాలో ఇంకా ఎవరున్నారు

గుకేశ్ ఇంట్లో మాట్లాడేది తెలుగే. తండ్రి రజనీకాంత్ చెవి-ముక్కు-గొంతు శస్త్రచికిత్స నిపుణుడు, తల్లి పద్మకుమారి మైక్రోబయాలజిస్టు. పిల్లవాడు టోర్నీలకు దేశాలు తిరగాల్సి వచ్చినప్పుడు తండ్రి 2017 ప్రాంతంలో ప్రాక్టీసు పక్కనపెట్టి వెంట నడిచారు. ఇల్లు తల్లి జీతం మీద నడిచింది. డబ్బు చాలనప్పుడు వాళ్ళ స్నేహితులు సాయం చేశారని గుకేశే చెప్పాడు. చదివింది వేలమ్మాళ్ విద్యాలయలో. నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి వెళ్ళే పని లేకుండా వెసులుబాటు దొరికింది. కోచ్ విష్ణు ప్రసన్న కొన్నేళ్ళపాటు కంప్యూటర్ ఇంజిన్ ముట్టనివ్వకుండా సొంత బుర్రతో లెక్క కట్టించారు. 2020లో మొదలైన వెస్ట్‌బ్రిడ్జ్-ఆనంద్ అకాడమీ తర్వాతి మెట్టయింది.

2019 జనవరి 15న గుకేశ్ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. వయసు 12 ఏళ్ళ 7 నెలల 17 రోజులు. సెర్గీ కర్యాకిన్ రికార్డు అప్పటికి సరిగ్గా 12 ఏళ్ళ 7 నెలలు. పదిహేడు రోజుల్లో రికార్డు తప్పిపోయింది. దాని కోసం నెలల తరబడి టోర్నీ వెంట టోర్నీ ఆడిన పిల్లవాడికి అదెంత చేదో ఊహించుకోవచ్చు. ఆ చేదు మింగిన సంగతే మనం చెప్పుకుంటాం. ఆ నెలల్లో మూతపడ్డ క్లినిక్ తలుపుల గురించి చెప్పుకోం.

తల్లిదండ్రులు అంత చేస్తేనే ఎవరైనా నిలబడతారని నా వాదన కాదు. ఏ దన్నూ లేకుండా ఎదిగినవాళ్ళు మన వీధికొకరు ఉన్నారు. కాకపోతే, ఏ దన్నూ లేదనుకున్న చోట కూడా కాస్త తవ్వితే ఎవరో ఒకరు బయటపడతారు. ఒక టీచరు, ఒక మేనత్త, ఫీజు కట్టిన పక్కింటాయన.

> ■ ఒక్క పెద్దమనిషి చాలు
>
> హవాయి దీవుల్లో కవాయి అని ఒకటుంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది శిశువులను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు వెంబడించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు వంటివి చుట్టుముట్టిన పిల్లల్లో సుమారు మూడో వంతు మంది చక్కగా ఎదిగి, ఉద్యోగాలూ కుటుంబాలతో స్థిరపడ్డారు. వాళ్ళ జీవితాల్లో పదేపదే కనిపించిన సంగతుల్లో ఒకటి: తమను పట్టించుకునే పెద్దవాళ్ళు కనీసం ఒక్కరైనా ఉండటం. చాలాసార్లు ఆ ఒక్కరు తల్లో తండ్రో కాదు, అవ్వో, ఊళ్ళో ఎవరో.

అవతలి కుర్చీ

సింగపూర్ కథలో మనం తొందరగా మర్చిపోయిన మనిషి డింగ్ లిరెన్. 2023 ఏప్రిల్‌లో అస్తానాలో నెపోమ్‌నియాషిని టైబ్రేక్‌లో ఓడించి, చైనా నుంచి తొలి పురుషుల ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత కొద్దికాలానికే మాయమైపోయాడు. నెలల తరబడి ఆడలేదు. డిప్రెషన్‌తో బాధపడ్డానని, నిద్ర పట్టేది కాదని, చికిత్స తీసుకున్నానని దాచకుండా చెప్పాడు. సింగపూర్‌కు వచ్చేనాటికి క్లాసికల్ గేముల్లో గెలుపు రుచి చూసి పది నెలలవుతోంది. ఇతను ఏకపక్షంగా ఓడిపోతాడని చాలామంది నిపుణులు ముందే రాసేశారు.

అలాంటివాడు మొదటి గేమే నల్లపావులతో గెలిచాడు. ఆఖరి గేము ఆఖరి గంట దాకా మ్యాచ్‌ను సమంగా లాక్కొచ్చాడు. గెలిచాక మైకు ముందు గుకేశ్ ముందుగా మాట్లాడింది ప్రత్యర్థి గురించే. డింగ్ అసలైన చాంపియన్ అన్నాడు. ఆ రోజు ఎవరి మనసు గట్టిదని నన్నడిగితే తడబడతాను. గెలిచినవాడిది గట్టిది, ఓడినవాడిది బలహీనం అనే సులువైన సూత్రం ఆ బోర్డు దగ్గర పనిచేయదు.

గుడివాడ అమ్మాయి, న్యూయార్క్ మొదటి రౌండు

కోనేరు హంపి కథ దీనికి ఇంకో పార్శ్వం. బిడ్డ కోసం రెండేళ్ళు ఆటకు దూరంగా ఉంది. 2018లో తిరిగొచ్చినప్పుడు ఫలితాలు అంతంతమాత్రం. ఇక అయిపోయిందన్నారు. 2019 డిసెంబరులో మాస్కోలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. అయిదేళ్ళకు, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే టోర్నీకి వెళ్ళి మొదటి రౌండే ఓడిపోయింది. టైటిల్ ఆలోచనే అప్పుడు లేదని తనే చెప్పింది. పదకొండు రౌండ్లు పూర్తయ్యేసరికి 8.5 పాయింట్లతో ఒంటరిగా మొదటి స్థానం, వయసు 37. కూతుర్ని చూసుకుంటున్న అమ్మానాన్నలకు, భర్తకు కృతజ్ఞతలు చెప్పింది. ఆటగాళ్ళ నోట ఈ మాట ఎప్పుడూ వినేదే కాబట్టి దాటేస్తాం. నిజానికి అసలు సమాచారం అందులోనే ఉంది. పాప దగ్గర అమ్మమ్మ లేకపోతే న్యూయార్క్ లేదు.

మామల్లపురం ఒలింపియాడ్‌లోనే ద్రోణవల్లి హారిక నెలలు నిండిన గర్భంతో ఆడి జట్టు కంచులో భాగమైంది. ఆమె ధైర్యాన్ని అందరూ పొగిడారు, పొగడాల్సిందే. ఆ ధైర్యం పన్నెండు రోజులు నిలబడటానికి వైద్యులు, జట్టు, నిర్వాహకులు ఎంతమంది కదిలారన్నదీ అంతే రాయాల్సిన విషయం.

ఊరిని మెచ్చుకుంటే పూడిక పోదు

మనుషులకు చెప్పే ఈ పొగడ్త ఊళ్ళకూ చెబుతారు. 2015 డిసెంబరు 1, 2 తేదీల్లో చెన్నై మునిగినప్పుడు జాలర్లు పడవలు వీధుల్లోకి తెచ్చారు. మసీదులు, గుళ్ళు, చర్చిలు తలుపులు తెరిచాయి. ‘చెన్నై స్పిరిట్’ అని దేశమంతా మెచ్చుకుంది. అది నిజమే. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ‘100 రెజిలియెంట్ సిటీస్’ జాబితాలోనూ ఈ ఊరుండేది. 2019లో దాని వ్యూహపత్రం కూడా వచ్చింది. అదే ఏడాది వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నాం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్ళిక్కరణై, ముడిచ్చూర్ మళ్ళీ మునిగాయి. పళ్ళిక్కరణై చిత్తడి నేలను ఆక్రమించి కట్టినన్ని కట్టి, మునిగినవాళ్ళను ‘ఎంత గట్టివాళ్ళు’ అనడం సులువు. ఒకే వీధివాళ్ళు ఎనిమిదేళ్ళలో రెండుసార్లు ఫ్రిజ్‌లు, సర్టిఫికెట్లు, పెళ్ళి ఫొటోలు పారేసుకుంటే అక్కడ వెతకాల్సింది కాలువల పటం.

కూర్చుని వినే పని

చెన్నైలోనే ఇంకో రకం పని 1986 నుంచి నడుస్తోంది. మనోవైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన ‘స్నేహ’ సంస్థది. బతకాలనిపించనివాళ్ళు ఫోన్ చేస్తే, నేరుగా వస్తే, శిక్షణ పొందిన మామూలు మనుషులు వింటారు. గృహిణులు, ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవాళ్ళు. సలహాలివ్వరు, సుద్దులు చెప్పరు. వినడమే పని. ఒకసారి ప్రయత్నించి చూడండి. ఎదుటి మనిషి ‘నా వల్ల కాదు’ అంటే, ‘అలా అనకు’ అని అడ్డుపడకుండా అయిదు నిమిషాలుండటం ఎంత కష్టమో తెలుస్తుంది. మన నోటికి ముందు వచ్చేది ధైర్యవచనం. అది చాలాసార్లు తలుపు మూసేస్తుంది.

2004 సునామీ తర్వాత సంస్థ కార్యకర్తలు పట్టినపాక్కం దగ్గరి శ్రీనివాసపురంలో, అయినవాళ్ళను కడలికి పోగొట్టుకున్న ఇళ్ళకు పదేపదే వెళ్ళారు. కూర్చున్నారు, విన్నారు, ఏడుస్తుంటే ఏడవనిచ్చారు. ఏడాది తర్వాత చూస్తే, ఇలాంటి తోడు దొరకని చోటితో పోలిస్తే ఇక్కడ కుంగుబాటు లక్షణాలు తక్కువగా కనిపించాయి. మత్స్యకార ఆడవాళ్ళు స్వభావంగానే గట్టివాళ్ళని ఎవరైనా అనొచ్చు. గట్టివాళ్ళే. ఆ గట్టిదనానికి వారం వారం తలుపు తట్టే మనిషి దొరికాడు.

> ■ మనసు బరువెక్కితే
>
> కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్: 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.
>
> స్నేహ, చెన్నై: 044-24640050.
>
> తమిళనాడు ఆరోగ్య శాఖ: 104. పరీక్షా ఫలితాల రోజుల్లో విద్యార్థులకు ఈ నంబరు ద్వారా కౌన్సెలింగ్ ఇస్తారు.

రెండో పరీక్ష

ఇక ఈ మాట ఎక్కువగా తగిలేది పిల్లలకు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. ఈ అంకె బయటికి వచ్చినప్పుడల్లా ‘ఈ తరానికి ఓర్పు లేదు, ఫోన్లు చెడగొట్టాయి’ అని ఒక రౌండు తిట్టేసి ఊరుకుంటాం.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడూ ఇదే అన్నారు. తర్వాత తేలిందేమిటి? ఫలితాల్లోనే తప్పులున్నాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్ళీ చూస్తే 99. సున్నా చూసుకున్న రాత్రి ఆ పిల్లకు ఎవరైనా మానసిక దృఢత్వం మీద క్లాసు పీకి ఉంటే ఎలా ఉండేది?

తమిళనాడు ఇరవయ్యేళ్ళ కిందటే ఒక చిన్న పని చేసింది. పరీక్ష తప్పినవాళ్ళు మళ్ళీ మార్చి దాకా ఆగక్కర్లేకుండా, కొద్ది వారాల్లోనే తిరిగి రాసి అదే ఏడాది కాలేజీలో చేరే వీలు కల్పించింది. మన ఇంటర్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ కూడా ఆ బాపతే. పరీక్ష తప్పిన పిల్లల ఆత్మహత్యలు తగ్గడానికి ఈ మార్పు బాగా తోడ్పడిందని లక్ష్మీ విజయకుమార్ పలుమార్లు చెప్పారు. పిల్లల గుండెలను ఎవరూ గట్టిపరచలేదు. పరీక్షల టైంటేబుల్‌లో ఒక తేదీ పెరిగింది. ఆనంద్ లిఫ్టులో చెప్పిన లెక్కనే ప్రభుత్వం ఒక జీవోలో చెప్పినట్టయింది.

విశాఖపట్నంలో 2023 జులైలో నీట్‌కు చదువుకుంటున్న పదిహేడేళ్ళ అమ్మాయి చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు పైగా పిల్లలున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. స్టార్ బ్యాచ్, సూపర్ బ్యాచ్, వాటి కింద పేరులేని బ్యాచ్ అంటూ గుంటూరు నుంచి మాదాపూర్ దాకా బోర్డులు పెట్టుకున్న మనకు ఆ రెండో వాక్యం ఎవరికి తగిలిందో చెప్పక్కర్లేదు. ఎన్ని కాలేజీలు అమలు చేస్తున్నాయన్నది, పిల్లల్ని చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు ఆఫీసు గది కౌంటర్ దగ్గర అడగాల్సిన ప్రశ్న. ఫీజు కట్టే ముందే అడగాలి, కట్టాక జవాబు రాదు.

జేఈఈ మెయిన్‌ను 2019 నుంచి ఏటా కనీసం రెండుసార్లు పెడుతున్నారు. వాటిలో మెరుగైన స్కోరు తీసుకుంటారు. జనవరిలో జ్వరమొచ్చిన పిల్లవాడికి ఏప్రిల్ ఉంటుంది. 2025లో నీట్ రాసినవాళ్ళు ఇరవై రెండు లక్షలకు పైనే, ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. వాళ్ళకు ఇచ్చింది మే 4 ఆదివారం, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా, 180 ప్రశ్నలు. తర్వాతి తేదీ మళ్ళీ మరుసటి ఏడాది మే నెలలోనే.